ఎర్రర్ -71 వస్తే ఓఎస్ జోలికి పోకండి, ముందు కేబుల్ చూడండి

ఉబుంటులో (అదొక లినక్స్ ఓఎస్) ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టినప్పుడల్లా 'డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -71' అని వస్తోంది, ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా అని ఒకరు అడిగారు. వద్దండి. నేను రెండుసార్లు చేశాను. రెండు ఆదివారాలు పోయాయి, ఎర్రర్ మాత్రం పోలేదు.

మాది భీమవరంలో ఫొటో స్టూడియో. మాఘమాసం, వరసగా పెళ్లిళ్లు. కార్డులోంచి డిస్కులోకి ఫొటోలు ఎక్కిస్తుంటే సగంలో ఆగిపోయేది. తాళి కట్టే ఫొటో పోతే మళ్లీ తీయలేం కదా, ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

ఒక రాత్రి పన్నెండు దాటాక టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg) కమాండ్‌కు డబ్ల్యూ ఆప్షన్ (-w) ఇచ్చి కూర్చున్నాను. అలా ఇస్తే కెర్నెల్, అంటే ఓఎస్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము, చెప్పేది ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. మా ఆవిడ టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. బల్ల కాస్త కదిలింది. వెంటనే తెర మీద నాలుగు లైన్లు! బల్లను కావాలనే కదిపాను, మళ్లీ వచ్చాయి. డిస్కు దగ్గర కేబుల్ మొనను బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. నిమిషం దాటినా ఒక్క లైను లేదు. వేలు తీశాను. 'రీసెట్ హై-స్పీడ్ యూఎస్‌బీ డివైస్' అని పడింది.

అందులో 'హై-స్పీడ్' అన్న మాట చూశారా? అది యూఎస్‌బీ 2.0 వేగం. నాది 3.0 డిస్కు, 'సూపర్‌స్పీడ్' అని రావాలి. ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్‌కు టీ ఆప్షన్ (-t) ఇచ్చి చూస్తే 5000ఎం (సెకనుకు అన్ని మెగాబిట్ల వేగం) ఉండాల్సిన చోట 480ఎం ఉంది. అంటే 3.0 కోసం ఉండే తీగలు అసలు కలవడమే లేదు.

లినక్స్‌లో 71 అంటే ప్రోటోకాల్ ఎర్రర్. తీగ మీద వచ్చిన సమాచారం అర్థం కాకుండా వచ్చిందని కెర్నెల్ మొర. నూటికి తొంభైసార్లు అది కేబులో, పోర్టో, కరెంటు చాలకపోవడమో. 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900. డిస్కును క్యాబినెట్ ముందున్న పోర్టులో పెట్టకండి. అక్కడి నుంచి మదర్‌బోర్డుకు లోపల ఇంకో సన్న వైరు ఉంటుంది, అదొక తలనొప్పి. వెనక పోర్టులోనే పెట్టండి. మధ్యలో హబ్బు (ఒక పోర్టును నాలుగు చేసే డబ్బా) ఉంటే తీసేయండి.

అడిగిన ప్రతివాళ్లూ 'ఆటోసస్పెండ్ మైనస్ ఒకటి పెట్టు' అంటారు, అంటే వాడనప్పుడు డివైస్‌ను నిద్రపుచ్చే ఏర్పాటును ఆపేయమని. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. హబ్బులకు తప్ప మిగతా డివైస్‌లకు మామూలుగా కెర్నెల్ తనంతట తాను ఆటోసస్పెండ్ ఆన్ చేయదు. వేరే ఏ ప్రోగ్రామో ఆన్ చేసి ఉండాలి. అది చూడకుండా గ్రబ్ ఫైల్లో (ఓఎస్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు ఉండే ఫైలు) లైన్లు అతికించమంటే ఎలా? 'విండోస్ వేసుకో' అనేవాళ్లు ఇంకో రకం. తీగ వదులైతే విండోస్ ఏం చేస్తుంది?

కేబుళ్లు అమ్మేవాళ్లకూ ఒక మాట. ప్యాకెట్ మీద 2.0నో 3.0నో కూడా రాయకుండా అమ్మితే కొనేవాడికి ఎలా తెలుస్తుంది? నేను మూడు కొన్నాను, పనికొచ్చింది ఒక్కటే. అది వెనక పోర్టులో పెట్టగానే 5000ఎం వచ్చింది. ఆ సీజనంతా ఒక్క ఎర్రర్ లేదు.

పాత కేబుల్‌ను కత్తెరతో రెండు ముక్కలు చేసి పడేశాను. డ్రాయర్‌లో ఉంటే మా కుర్రాళ్లలో ఎవరో ఒకరు మళ్లీ అదే తీసి పెడతారు.