టెక్ సందేహాలు: పదిహేను వందల్లో ఏ హెడ్‌ఫోన్స్ కొనాలి?

కాలేజీలు తెరిచారంటే చాలు, ఈ శీర్షికకు హెడ్‌ఫోన్స్ ఉత్తరాలే ఉత్తరాలు. ఈసారి అన్నీ వాటికే కేటాయిస్తున్నా.

సార్, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమలాపురంలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. రోజూ బస్సులోనే రాకపోకలు. పాటలకు, యూట్యూబ్ పాఠాలకు హెడ్‌ఫోన్స్ కావాలి. బడ్జెట్ 1500, అంతకుమించి నాన్నను అడగలేను. షాపాయన ఒక బడ్స్ చూపించి “50 డీబీ ఈఎన్‌సీ ఉంది, బయటి శబ్దమే వినపడదు” అంటున్నారు. తీసుకోవచ్చా?

షాపాయన రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేశారు. ఈఎన్‌సీ పని మైక్ దగ్గర. మీరు ఫోన్లో మాట్లాడేటప్పుడు మీ చుట్టూ ఉన్న రొద అవతలివాళ్లకు వెళ్లకుండా వడకడుతుంది. మీ చెవికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. వినేవాళ్లకు రొద తగ్గించేది ఏఎన్‌సీ. పేర్లలో ఒక్క అక్షరమే తేడా కాబట్టి పెట్టె మీద ఈఎన్‌సీ అని పెద్దక్షరాలతో వేసి అమ్మేస్తుంటారు.

పోనీ ఏఎన్‌సీ ఉన్నదే కొందామా అంటే, మీ బడ్జెట్‌లో అవీ దొరుకుతాయి. బయటి శబ్దాన్ని చిన్న మైక్‌తో పట్టుకుని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి రద్దుచేయడం వాటి పని. ఇంజిన్ హోరు, ఫ్యాన్ చప్పుడు, రొయ్యల చెరువు మీద ఏరేటర్ల మోత లాంటి ఆగకుండా సాగే మోతల మీద ఇది బాగానే పనిచేస్తుంది. హారన్ మీద, కండక్టర్ విజిల్ మీద, వెనక సీటు పెళ్లి కబుర్ల మీద మాత్రం అంతంతే. పెట్టె మీద వేసే డెసిబెల్ (డీబీ) అంకె కూడా ఏదో ఒక శ్రుతి దగ్గర వచ్చిన గరిష్ఠమే, అన్ని శబ్దాలూ అంత తగ్గుతాయని కాదు. పైగా ఆ 1500లోనే బ్యాటరీలు, బ్లూటూత్ చిప్, మైకులు, చార్జింగ్ డబ్బా అన్నీ సర్దాలి. అసలు పాట వినిపించే స్పీకర్‌కు మిగిలేది ఎంత?

అందుకని నా ఓటు వైరు ఉన్న ఇన్-ఇయర్ రకానికి. 500 నుంచి 1000 లోపు మంచివి వస్తాయి. వాటికి చార్జింగ్ గొడవ లేదు, రెండేళ్లకు బ్యాటరీ నీరసించిపోవడం లేదు. సిలికాన్ టిప్ చెవిలో సరిగ్గా కూర్చుంటే బస్సులోని కీచు శబ్దాలు, మాటలు చాలావరకు దానంతటదే ఆపేస్తుంది. అలాగని రెండు చెవులూ మూసుకుని రోడ్డు దాటకండి. దిగే స్టాపు వస్తోందంటే ఒకటి తీసేయండి.

అందరూ నిర్లక్ష్యం చేసేది ఈ టిప్పులనే. పెట్టెలో చిన్నవి, మధ్యరకం, పెద్దవి మూడు జతలు ఇస్తారు. తగిలించి వచ్చిన మధ్యరకంతోనే నూటికి తొంభై మంది సరిపెట్టేసుకుని “బేస్ లేదు” అని తిట్టుకుంటారు. ఇలా చూడండి: డప్పు బాగా వినపడే పాట పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో కొంచెం లోపలికి అదమండి. అదిమినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే సందులోంచి గాలి పోతోందని అర్థం, ఇంకో సైజు వేయాలి. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఒక సైజు పట్టినా కంగారుపడక్కర్లేదు, చాలామందికి అంతే.

“13 ఎంఎం డ్రైవర్” లాంటి అంకెలను పట్టించుకోకండి. డ్రైవర్ అంటే లోపలుండే చిన్న స్పీకరే. 6 ఎంఎంతో చక్కగా పాడేవి ఉన్నాయి, 13 ఎంఎంతో డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు మోగేవీ ఉన్నాయి. బ్లూటూత్ 5.3 అన్న అంకె కూడా అంతే. ఆ ఒక్కదానివల్ల పాట నాణ్యత పెరగదు.

వైరు పోయేది ఎక్కువగా రెండుచోట్ల: పిన్ మొదట్లో, రెండు చెవులకు వైరు చీలే దగ్గర. కొనేటప్పుడు ఆ రెండుచోట్లా మెత్తటి రబ్బరు తొడుగు ఉందో లేదో వేళ్లతో వంచి చూడండి. ఫోన్ జేబులో పెట్టుకునేవాళ్లకు ఎల్ ఆకారంలో వంగిన పిన్ మేలు. ఫోన్‌కే చుట్టేసి బ్యాగులో పడేస్తే ఏ కంపెనీదైనా ఎక్కువ కాలం ఆగదు.

తల మీద పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్స్ మీద మనసుంటే ఒక మాట. మన కోనసీమ ఉక్కపోతకు, చెమటకు చవక ఇయర్ ప్యాడ్ల మీది రెక్సిన్ త్వరగా పొట్టు పొట్టుగా రాలి, చెవుల చుట్టూ నల్లగా అంటుకుంటుంది. గాలిలో తేమకు ఆ పొర విరిగిపోతుంది, దాచిపెట్టినా అంతే. ప్యాడ్లు ఊడదీసి మార్చుకునే మోడల్ అయితేనే కొనండి. సోనీ జెడ్ఎక్స్110 చాలాకాలంగా ఉన్న నమ్మకమైన వైర్డ్ మోడల్, కానీ మామూలు రకానికి మైక్ లేదు. చివర ‘ఏపీ’ అని ఉన్నదానికే మైక్ ఉంటుంది. అది చూసుకోకుండా కొని తిరిగిచ్చేవాళ్లు చాలామంది.

వైర్‌లెస్సే కావాలనుకుంటే బడ్స్ కన్నా నెక్‌బ్యాండ్ చూడండి. బ్యాటరీ పెద్దది, మెడలోంచి పోదు. సఖినేటిపల్లిలో గోదావరి దాటించే పంటు మీద ఒక బడ్ చెవిలోంచి జారిందంటే గోదారమ్మ తిరిగివ్వదు కదా. చెమటకు, వాన తుంపరలకు తట్టుకుంటుందని చెప్పే ఐపీఎక్స్4 గుర్తు కనీసం ఉండాలి. బడ్స్ అయితే ఆ రక్షణ చాలా మోడళ్లలో బడ్స్‌కే గానీ చార్జింగ్ డబ్బాకు ఉండదు. పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాంతో ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు కనపడాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ పేరు మీద నమోదైందో చూపిస్తుంది. సంతలో 250కి దొరికే నకిలీలను అక్కడే పట్టేయొచ్చు.

నా ఫోన్‌కి హెడ్‌ఫోన్ పిన్ లేదండీ. భీమవరంలో 100 రూపాయలు పెట్టి టైప్-సి కన్వర్టర్ కొన్నాను. మా ఫ్రెండ్ ఫోన్లో పనిచేస్తోంది, నా ఫోన్లో చప్పుడే లేదు. ఫోన్ పాడైందా?

పాడవలేదు. కన్వర్టర్లలో రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో డీఏసీ అనే చిన్న చిప్ ఉండి, ఫోన్ పంపే డిజిటల్ సమాచారాన్ని పాటగా మారుస్తుంది. రెండోదాంట్లో వైర్లు తప్ప ఏమీ ఉండవు. ఆ మార్చే పని ఫోనే చేసి టైప్-సి లోంచి పంపాలి. మీ ఫ్రెండ్ ఫోన్ అలా పంపే రకం, మీది కాదు. ‘డీఏసీ’ అని స్పష్టంగా రాసి ఉన్నదే అడిగి తీసుకోండి, వీలైతే షాపులోనే మీ ఫోన్‌కు పెట్టి ఒక పాట విని మరీ డబ్బులివ్వండి. యాపిల్ వాళ్ల కన్వర్టర్లో చిప్ ఉంది, శబ్దమూ శుభ్రంగా ఉంటుంది, కాకపోతే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ మరీ తక్కువ వస్తుంది. టైప్-సి పిన్‌తోనే వచ్చే ఇయర్‌ఫోన్స్ కొంటే ఈ తోక తగిలించే బాధే ఉండదు, కానీ పాత ల్యాప్‌టాప్‌కు అవి పనికిరాకపోవచ్చు.

కాకినాడలో హాస్టల్లో ఉంటున్నా. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో పాటలు బ్రహ్మాండంగా వినపడతాయి. ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ మాక్ ఇంటర్వ్యూ మొదలవగానే గొంతులన్నీ పాత ల్యాండ్‌లైన్లోంచి వచ్చినట్టు అయిపోతాయి. ప్లేస్‌మెంట్స్ దగ్గరపడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

హెడ్‌సెట్ తప్పేం లేదు. మామూలు బ్లూటూత్‌లో మంచి స్టీరియో శబ్దం ఒక పద్ధతిలో, మైక్‌తో మాట్లాడటం ఇంకో పద్ధతిలో నడుస్తాయి. మైక్ ఆన్ చేయగానే హెడ్‌సెట్ రెండో పద్ధతిలోకి దిగిపోతుంది, నాణ్యత కూడా దాంతోపాటే దిగుతుంది. జూమ్‌లోనో టీమ్స్‌లోనో ఆడియో సెట్టింగ్స్ తెరిచి, స్పీకర్‌గా హెడ్‌సెట్‌ను, మైక్‌గా ల్యాప్‌టాప్ సొంత మైక్‌ను ఎంచుకోండి. గొంతులు మళ్లీ మామూలవుతాయి. హాస్టల్ గదిలో గోల ఎక్కువైతే ఇంటర్వ్యూ రోజుకు మైక్ ఉన్న వైర్డ్ ఇయర్‌ఫోన్స్ ఎవరివైనా అడిగి తెచ్చుకోండి. అది మధ్యలో చార్జింగ్ అయిపోయి పరువు తీయదు.

మా అబ్బాయి ఇంటర్. పొద్దస్తమానం చెవుల్లో అవే. చెవులు పోతాయేమోనని మావారి భయం. ఎంతసేపు పెట్టుకోనివ్వొచ్చు? – పాలకొల్లు నుంచి ఒక తల్లి

మీవారి భయం ఉత్తిదేం కాదమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల వరకు ఫర్వాలేదు. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమైపోతుంది. అంటే 83 దగ్గర 20 గంటలే, 86 దగ్గర 10. గంటలకన్నా వాల్యూమ్ మీద కన్నేయండి. ఇంట్లో సగం వాల్యూమ్‌తో వినే పిల్లవాడే బస్సు ఎక్కగానే ఇంజిన్ మోతను దాటించడానికి నిండుగా పెంచేస్తాడు, అసలు నష్టం అక్కడే. టిప్ బిగుతుగా కూర్చుంటే పెంచాల్సిన అవసరమే రాదు. చాలా ఫోన్లలో మీడియా వాల్యూమ్‌కు హద్దు పెట్టే సెట్టింగ్ ఉంటుంది, సౌండ్ విభాగంలో వెతకండి. వాడు పెట్టుకుని ఉండగా మామూలుగా పిలవండి. మూడడుగుల దూరంలో ఉండి కూడా పలక్కపోతే వాల్యూమ్ ఎక్కువైనట్టే. వినపడీ పలకకపోతే ఆ సందేహం నా శీర్షిక పరిధిలోకి రాదు.

ఎడమ బడ్‌లో శబ్దం బాగా తగ్గిపోయింది. కొని ఎనిమిది నెలలే. సర్వీస్‌కు ఇవ్వాలా?

ముందు గులిమి సంగతి చూడండి. టిప్ ఊడదీస్తే సన్నటి జాలీ కనపడుతుంది. దాన్ని కిందికి తిప్పి పట్టుకుని, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. పైకి తిప్పి రుద్దితే మురికి లోపలికే పోతుంది. సూదితో పొడవద్దు, నోటితో ఊదొద్దు. టిప్పులను మాత్రం సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరాక తొడగండి. అప్పటికీ వినపడకపోతే బిల్లు వెతకండి. ఇలాంటి వాటికి ఎక్కువగా ఏడాది వారంటీ ఉంటుంది, మీకింకా నాలుగు నెలలు మిగిలే ఉంటాయి.