అవినీతి, ప్రకృతి వినాశనం గురించిన పెద్ద ఫాంటసీ నవలలను నిరాశ కలగకుండా చదవడం ఎలా?

పాలకుల అవినీతి, అడవులూ నదులూ నాశనం కావడం చుట్టూ అల్లిన భారీ ఫాంటసీ నవలలు సగంలోనే మనసును బరువెక్కిస్తున్నాయని, వాటిని చివరిదాకా చదవడం ఎలాగని మీరు అడిగారు. నేను కూడా చాలా ఏళ్లు వీటిని యుద్ధాల కోసం, మాంత్రికుల కోసమే చదివి, పన్నులు, భూములు, ధాన్యం గురించిన అధ్యాయాలు వస్తే పేజీలు తిప్పేసేవాణ్ణి. 2020 అక్టోబరు తర్వాత ఆ అలవాటు పోయింది.

ఆ నెల 13వ తేదీ రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వానకు మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నిండి, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు ఏరి ఏరి కొనుక్కున్న పుస్తకాలు కింది అరలో ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి, లాగితే అట్టలు చేతికి వచ్చాయి. మిగిలినవాటిని డాబా మీద ఆరబెడుతుంటే పక్క వీధి పెద్దాయన ఒకరు చూసి, "చెరువు నిండితే మీ గేటున్న కాడనే అలుగు దునికేది బిడ్డా, మేము ఆడ చేపలు పట్టెటోళ్లం" అన్నారు. మా ఇంటి కాగితాల్లో చెరువు గానీ, శిఖం (చెరువు నిండితే మునిగే భూమి) గానీ, నాలా (వాన నీటి కాలువ) గానీ ఎక్కడా లేవు. అనుమతులు, ముద్రలు, సంతకాలు మాత్రం అన్నీ ఉన్నాయి.

పై అరలో తడవకుండా మిగిలిన వాటిలో టోల్కీన్ రాసిన ఫాంటసీ నవల 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడో సంపుటం ఒకటి. మహాయుద్ధం ముగిశాక హాబిట్లు, అంటే ఆ నవలలోని పొట్టి మనుషులు, ఇంటికి తిరిగి వచ్చే అధ్యాయాన్ని అప్పుడు మళ్లీ చదివాను. సినిమాలో ఆ ఘట్టం లేదు కాబట్టి సినిమా మాత్రమే చూసినవారికి అది తెలియదు. వాళ్ల ఊళ్లో చెట్లు నరికేసి ఉంటాయి, పాత మిల్లు స్థానంలో వచ్చిన కొత్త మిల్లు ఏటి నీటిని పాడుచేస్తుంటుంది, అందరికీ పంచుతామని చెప్పి ధాన్యం పట్టుకుపోతుంటారు. దీనికంతటికీ దారి తీసినవాడు ఏ చీకటి రాజ్యం నుంచో రాలేదు. పొలాలు, మిల్లులు, సత్రాలు ఒక్కొక్కటిగా కొనుక్కుంటూ పోయిన సొంత ఊరివాడే. పసితనంలో తాను పెరిగిన పల్లెసీమ తనకు పదేళ్లు నిండకముందే నాశనమవుతూ వచ్చిందని టోల్కీన్ ముందుమాటలో రాసుకున్నారు. ఆ అధ్యాయంలోని కోపం నాకు కల్పితమనిపించలేదు.

అందుకే నా సలహా ఇది: ఇలాంటి నవలలో రాక్షసుడి కోసం ఎదురుచూడకండి, నీరు, ధాన్యం, కలప ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారుతున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ చదవండి. మొదట్లో ఉండే పటాన్ని తిప్పేయకుండా ఏ నది ఎవరి కోటను దాటుకుని ఎవరి పొలాలకు చేరుతుందో చూడండి. కారణాలు ఒక్కొక్కటిగా కనబడుతున్నకొద్దీ నిరాశ తగ్గుతుంది, ఎందుకంటే విధిలా అనిపించినది ఫలానా రోజున ఫలానా వ్యక్తి తీసుకున్న నిర్ణయమని అర్థమవుతుంది. మన హైదరాబాదే చూడండి. 1908 మూసీ వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారి సలహాతో మొదలైన ఆలోచనే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలైంది. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను కట్టడి చేసిన ప్రభుత్వ ఉత్తర్వు, 111 జీవో, 1996లో వచ్చింది. కాపాడినవీ కాగితాలే, మా చెరువును మాయం చేసినవీ కాగితాలే.

ఇది మనకు పరాయి వస్తువు కూడా కాదు. మహాభారతం ఆదిపర్వం చివర ఖాండవవనం దహనమవుతుంది. అసుర శిల్పి మయుడు, తక్షకుడి కొడుకైన అశ్వసేనుడనే సర్పం, నాలుగు శార్ఙ్గక పక్షులు తప్ప అందులోని ప్రాణులు దాదాపు అన్నీ కాలిపోతాయి. సభాపర్వం తెరవగానే ఆ బతికి బయటపడ్డ మయుడే ధర్మరాజుకు సభ కట్టడం మొదలుపెడతాడు. చిన్నప్పుడు నాకు ఆ సభ వైభవమే గుర్తుండేది. ఇప్పుడు ఈ రెండు ఘట్టాలూ పక్కపక్కనే ఎందుకున్నాయా అని ఆగి చదువుతాను.

వెయ్యి పేజీల నవలతోనే మొదలుపెట్టనక్కర్లేదు. ముందు ఆదిపర్వంలోని ఆ ఘట్టం, తర్వాత హాబిట్లు ఇల్లు చేరే ఆ ఒక్క అధ్యాయం చదవండి. ముఖ్యంగా అందమైన, అందరికీ ఇష్టమైన చెట్లు నరికేసిన చోటల్లా హాబిట్లలో ఒకడైన శామ్ ఒక మొక్క నాటి, తనకు కానుకగా వచ్చిన మట్టిలో ఒక్కొక్క రేణువు దాని వేళ్ల దగ్గర వేస్తూ ఊరంతా తిరిగే పేజీలు ఆ వెంటనే వస్తాయి, అక్కడిదాకా ఆపకండి.