అమ్మానాన్న వచ్చేలోపు ట్రెడ్‌మిల్‌కు నూనె వేయండి

"పోయినేడాది ట్రెడ్‌మిల్ కొన్నాం. ఈ మధ్య నడుస్తుంటే రబ్బరు మాడిన వాసన వస్తోంది. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, కొత్తది కొనాలా?" అని ఈ మధ్యే ఇండియా నుంచి వచ్చిన ఒక జంట నన్ను అడిగారు. ముందు బెల్ట్ కింద చెయ్యి పెట్టి చూడమన్నాను. పొడిగా ఉందట. కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా నూనె వేయలేదట.

అదే తప్పు నేనూ చేశాను. మేముండేది మిషిగన్‌లో. నాన్నకు షుగర్. ఖమ్మంలో రోజూ తెల్లవారుజామున గంటసేపు నడిచే మనిషి. జనవరి మంచులో గుమ్మం దాటలేక బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ మీదే నడిచేవారు. మూడో వారంలో, ఆయన నడుస్తుండగానే బెల్ట్ ఒక్క కుదుపుతో ఆగిపోయింది. కమ్మీ పట్టుకుని ఉన్నారు కాబట్టి పడలేదు. లోపల కంట్రోల్ బోర్డు కాలిపోయింది. అది బాగయ్యేదాకా నాన్న హాల్లోనే అటూ ఇటూ తిరిగారు. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బెల్ట్ కింద ఉండే చెక్క పలకను డెక్ అంటారు. మనం అడుగు వేసిన ప్రతిసారీ మన బరువంతా బెల్ట్‌ను ఆ పలకకు అదుముతుంది. మధ్యలో నూనె పొర లేకపోతే రాపిడి పెరుగుతుంది, బెల్ట్‌ను లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, వేడెక్కుతుంది. బ్రేకర్ పడిపోవడం, మాడిన వాసన, అడుగు వేయగానే బెల్ట్ తడబడటం అన్నీ తరచుగా అక్కడి నుంచే మొదలవుతాయి. ఎడ్లబండి ఇరుసుకు కందెన ఎందుకు పెడతారో దీనికీ అందుకే.

ఏ నూనె అన్నది చాలా ముఖ్యం. నూటికి నూరు శాతం సిలికాన్ నూనె, ట్రెడ్‌మిల్ కోసమే అమ్మేది కొనండి. పది పదిహేను డాలర్లకు సీసా దొరుకుతుంది. గరాజ్‌లో ఉంది కదా అని తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టకండి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె అసలు వద్దు. పెట్రోలియం నూనెలు బెల్ట్‌ను పాడు చేస్తాయి, వంటింటి నూనెలు జిడ్డుగట్టి దుమ్మును పట్టేస్తాయి. కొన్ని మెషీన్ల డెక్‌కు ముందే మైనం పూసి ఉంటుంది, వాటికి నూనె వేయకూడదు. అందుకని ముందు మాన్యువల్ చూడండి. అది పోతే కంపెనీ సైట్‌లో మోడల్ నంబరుతో వెతకవచ్చు.

ప్లగ్ తీసేశాకే పని మొదలుపెట్టండి. బెల్ట్ అంచును పైకెత్తి, సీసా మూతిని లోపలికి జరిపి, పలక మధ్య భాగంలో అడ్డంగా అటూ ఇటూ గీతలాగా వేయండి. రెండు వైపుల నుంచీ వేయాలి. మొత్తం కలిపి 15 నుంచి 30 మిల్లీలీటర్లు చాలు. ఎక్కువైతే బెల్ట్ జారుతుంది. తర్వాత ప్లగ్ పెట్టి, అతి తక్కువ వేగంలో ఐదు నిమిషాలు బెల్ట్ మొత్తం వెడల్పు మీద అడుగులు వేస్తూ నడిస్తే నూనె సమంగా పరుచుకుంటుంది. నేల మీద పడిన చుక్కల్ని వెంటనే తుడిచేయండి, కాలు జారితే ప్రమాదం. ఇంట్లో ఇద్దరు ముగ్గురు రోజూ నడుస్తుంటే మూడు నెలలకోసారి వేయండి.

బెల్ట్ ఒక పక్కకు జరిగితే వెనక రోలర్ దగ్గర రెండు బోల్టులు ఉంటాయి. మెషీన్‌తో వచ్చిన ఎల్ ఆకారపు అలెన్ కీతో, ఎడమకు జరిగితే ఎడమ బోల్టును, కుడికి జరిగితే కుడి బోల్టును పావు చుట్టు మాత్రమే బిగించండి. నిమిషం నడిపి చూసి, అప్పుడు ఇంకో పావు. బెల్ట్ మధ్యలో అంచు పట్టుకుని ఎత్తితే రెండు మూడు అంగుళాలు లేవాలి. అంతకంటే బిగిస్తే రోలర్ బేరింగులు పోతాయి.

ఇక్కడి ఇళ్లలో కార్పెట్ నూగు మోటారులోకి చేరుతుంది. కింద రబ్బరు మ్యాట్ వేయండి. ఏడాదికోసారి ప్లగ్ తీసి, కాసేపు ఆగి, ముందు మూత విప్పి వాక్యూమ్‌తో మెల్లగా శుభ్రం చేయండి. బయట తిరిగిన బూట్లతో ఎక్కవద్దు, శీతాకాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు అంతా బెల్ట్ మీదికి వస్తుంది. గుమ్మంలో చెప్పులు విడిచే మన అలవాటు ఇక్కడ ఎంతో మేలు. ఒక జత బూట్లు ట్రెడ్‌మిల్ పక్కనే ఉంచండి. ప్లగ్ నేరుగా గోడకే పెట్టండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కుతుంది.

ఇక పెద్దవాళ్ల సంగతి. ఇక్కడి మెషీన్లలో వేగం మామూలుగా మైళ్లలో ఉంటుంది. "నేను గంటకు ఐదు కిలోమీటర్లు నడుస్తాను" అనుకుని నాన్నగారు 5 నొక్కితే అది ఎనిమిది కిలోమీటర్లు, అంటే పరుగు! మొదటిరోజు మీరు పక్కనే నిలబడి 1.5 దగ్గర మొదలుపెట్టించండి. 2.5 అంటే గంటకు నాలుగు కిలోమీటర్లు, చాలామందికి అది చాలు. అమ్మ చీరలో నడుస్తానంటే కొంగు బొడ్లో దోపి, కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకోమనండి, హవాయి చెప్పులతో వద్దనండి. మనిషి పడితే మెషీన్‌ను ఆపేసే, ఎర్ర తాడు ఉన్న సేఫ్టీ క్లిప్పును బట్టకు పెట్టుకోకుండా మెషీన్ నడపనివ్వకండి. బెల్ట్ పూర్తిగా ఆగాకే దిగాలని పదేపదే చెప్పండి.

పిల్లలున్న ఇంట్లో ఆ ఎర్ర తాడుకు రెండో చివర ఉండే సేఫ్టీ కీని వాడాక తీసి పైఅరలో పెట్టండి. 2021లో ఒక చిన్నారి చనిపోయిన తర్వాత పెలోటన్ కంపెనీ ట్రెడ్ ప్లస్ మెషీన్లను లక్షా పాతికవేల దాకా వెనక్కి పిలిచింది. వెనకవైపు గోడకు కనీసం ఆరడుగుల ఖాళీ వదలండి. పడినా బెల్ట్‌కూ గోడకూ మధ్య ఇరుక్కోకుండా ఉంటారు.

ఆ జంట నిన్న ఫోన్ చేశారు. నూనె వేశాక వాసన పోయిందట. ఇప్పుడు వాళ్ల నాన్నగారి కాలి కొలత కనుక్కుని బూట్లు కొంటున్నారు.