బైక్ వచ్చు కదా, ఏటీవీకి ట్రైనింగ్ ఎందుకు?

డల్లాస్‌లో ఉంటున్నానని, ఊళ్లో చాలా ఏళ్లు బైక్ నడిపానని, ఏటీవీకి, అంటే మట్టి దారుల్లో నడిపే ఆ నాలుగు చక్రాల బండికి, మళ్లీ కోర్సు అవసరమా అని అడిగారు. వెనక మీ ఆవిడను ఎక్కించుకోవచ్చా అని కూడా.

కోర్సు తప్పకుండా చేయండి. బైక్ వచ్చినవాళ్లకే ఇది ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. నేనూ బైక్ మీద పెరిగినవాణ్నే. బండి కాస్త ఒరిగితే చాలు, మనకు తెలియకుండానే కాలు కింద పెట్టేస్తాం. ఏటీవీ మీద అలా పెడితే వెనక చక్రం ఆ కాలి మీదికి ఎక్కుతుంది. అందుకే మా ట్రైనర్ మొదట ఇంజన్ స్టార్ట్ చేయనివ్వలేదు. బండి ఎటు ఒరిగినా పాదాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉండేదాకా ఊరికే కూర్చోబెట్టి అలవాటు చేయించాడు.

రెండోది యాక్సిలరేటర్. ఇక్కడ తిప్పేది ఉండదు, కుడి బొటనవేలితో నొక్కాలి. గతుకుల్లో భయపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే వేలు కూడా నొక్కుకుపోయి బండి ఇంకా ముందుకు దూకుతుంది. వేళ్లు బిగించినా బొటనవేలు వదులుగా ఉంచడం ఖాళీ స్థలంలో, తక్కువ స్పీడులో బాగా ప్రాక్టీస్ చేయండి. ఇంజన్ ఆపే స్విచ్ చూడకుండానే చేతికి తగలాలి.

మలుపులో బైక్ మనతోపాటు వాలుతుంది, ఏటీవీ వాలదు. స్పీడు ముందే తగ్గించి, బరువు బయటివైపు పాదం మీద మోపి, నడుము పైభాగాన్ని లోపలికి వంచాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి జరగాలి. సీటు అంత పొడుగ్గా ఉండేది ఇందుకే, ఇద్దరు కూర్చోవడానికి కాదు. వెనక ఇంకొకరుంటే మీకు జరిగే చోటే ఉండదు, బ్యాలెన్స్ పోయి బండి తిరగబడుతుంది. కాబట్టి ఒక్కరి బండి మీద మీ ఆవిడను ఎక్కించుకోవద్దు. ఇద్దరి కోసం తయారుచేసిన మోడళ్లు వేరే ఉన్నాయి. పెద్దల సైజు బండి 16 ఏళ్ల లోపు పిల్లలకు కాదని దాని మీద లేబులే ఉంటుంది, దయచేసి దాన్ని పట్టించుకోండి. మనవాళ్లు సరదాగా పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకోవడం చూస్తుంటే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది.

తారు రోడ్డు ఎక్కొద్దు. ఆ టైర్లు మట్టి కోసం చేసినవి, గాలి చాలా తక్కువ ఉంటుంది, రోడ్డు మీద బండి చెప్పినట్టు వినదు. హెల్మెట్, కళ్లద్దాలు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, చీలమండ దాటే బూట్లు వేసుకోండి.

టెక్సస్‌లో ప్రభుత్వ స్థలాల్లో నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి, లేదా అది ఉన్న పెద్దవాళ్లు పక్కనుండి చూసుకోవాలి. ఏటీవీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ కోర్సు చేస్తే సరిపోతుంది. బండి, హెల్మెట్ వాళ్లే ఇస్తారా, మీరే తెచ్చుకోవాలా అన్నది బుక్ చేసేముందు ఫోన్ చేసి కనుక్కోండి.