తిరుపతిలో అంగడికి ‘బాలాజీ’ అని పెట్టొచ్చా? పేర్లకూ గిరాకీ, సరఫరా లెక్క ఉంటుందా?

పెట్టొచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. నేనూ అదే పెట్టి, 11 ఏళ్ల తర్వాత మార్చుకున్నాను.

మాది ఎవర్‌సిల్వర్ సామాన్ల అంగడి. స్వామి పేరుంటే కొత్త అంగడైనా జనం నమ్మి మెట్టెక్కుతారని నాన్న అన్నాడు. నిజమే, మొదటి ఏడాది బేరాలన్నీ ఆ నమ్మకం మీదే నడిచాయి. అయితే మా వీధిలోని మిగతా ముగ్గురు బాలాజీలకూ అదే నమ్మకం దక్కుతోంది.

ఒక శ్రావణమాసంలో పెళ్లివాళ్లకు 12 డజన్ల టిఫిన్ డబ్బాలు తెప్పించాను. అట్టపెట్టెల మీద ‘బాలాజీ స్టీల్స్, తిరుపతి’ అని మాత్రమే రాసుంది. ఆటో అతను నాలుగంగళ్ల అవతల దించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. సరుకు ఎక్కడుందో కనుక్కోవడానికి మూడు రోజులు పట్టింది. ఆ పెళ్లివాళ్ల ముందు నిలబడలేకపోయాను.

పేరును ఎంతమంది వాడుకున్నా మామిడికాయలా అయిపోదు. తరిగిపోయేది గుర్తు. మా బడిలో మునికృష్ణలు నలుగురుంటే పొట్టి ముని, రేణిగుంట ముని అని మేమే విడదీసుకున్నాం. కొండమీద దర్శనం అన్న మాటకు ముందు సర్వ, దివ్య, ప్రత్యేక ప్రవేశ అని చేరిందీ ఇందుకే. వట్టి దర్శనం అంటే ఏ క్యూలో నిలబడాలి?

సరఫరాకు చట్టం కంచె వేసిన పేరూ మన ఊళ్లోనే ఉంది. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, బయటివాళ్లు ఆ పేరుతో లడ్డూ అమ్మకూడదు. ఒట్టి దేవుడి పేరు పెట్టుకుని ఇంకెవరూ వాడొద్దనడం మాత్రం కష్టం. 2015లో అగరబత్తుల కేసులో ‘రామాయణ్’ అన్న పేరు మీద ఒక్కరికే హక్కు ఉండదని సుప్రీంకోర్టు చెప్పింది.

అలాగని ఎవరికీ లేని పేరు పెడితే విలువ వచ్చేస్తుందనుకోకండి. అడిగేవాళ్లు లేని సరుకు ఎంత అరుదైతే ఏం లాభం? మా బావమరిది నిఘంటువు తిరగేసి ఒక సంస్కృత పేరు పెట్టాడు. నోరు తిరగక జనం ‘నీలం బోర్డు అంగడి’ అనేశారు.

మా అంగడి ముందర చింతమాను ఉంది. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ “చింతమాను కాడి బాలాజీయేనా?” అని అడిగేవాళ్లు. బోర్డు చేయాల్సిన పని ఆ చెట్టు చేస్తోందని అర్థమయ్యాక ‘చింతమాను పాత్రల అంగడి’ అని రాయించాను, పైన చిన్న అక్షరాల్లో శ్రీ బాలాజీ. జీఎస్టీ, బ్యాంకు ఖాతా, బిల్లు పుస్తకాలు అన్నీ మార్చుకునేసరికి ప్రాణం విసిగింది. మీకు ఆ అవస్థ వద్దు. బోర్డు రాయించే ముందు ఒక నెల ఆగి, మీ అంగడికి రావాలంటే జనం ఆటో అతనికి ఏమని చెప్తున్నారో వినండి.