కాంట్రాస్ట్ సీటీ ముందు కుర్కుమిన్ గోలీలు వేయాలా?

నాన్నగారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.9 ఉంది, షుగర్ కూడా ఉంది, వచ్చే వారం కాంట్రాస్ట్‌తో సీటీ స్కాన్, కిడ్నీలు కాపాడటానికి కుర్కుమిన్ (పసుపులో ఉండే పదార్థం), ద్రాక్ష గింజల క్యాప్సూల్స్ మొదలుపెట్టమంటారా అని అడిగారు. వద్దండీ.

మీ ఆలోచనకు ఆధారం లేకపోలేదు. స్కాన్‌లో అవయవాలు స్పష్టంగా కనబడటానికి ఇచ్చే, అయోడిన్ ఉన్న ఆ కాంట్రాస్ట్ మందు కిడ్నీలోని రక్తనాళాలను కుదించి, ఆక్సిజన్ తగ్గించి, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను పెంచుతుంది. కుర్కుమిన్, క్వెర్సెటిన్ వంటి మొక్కల పదార్థాలు ఎలుకల్లో ఈ నష్టాన్ని తగ్గించాయి. కానీ మనుషుల్లో అంత నమ్మకంగా రుజువు కాలేదు. ఎసిటైల్‌సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్‌ను, అంటే ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునే మందును, (ఇది మొక్కల నుంచి వచ్చింది కాదు) ఏళ్లపాటు ఆశతో వాడారు. 2018లో దాదాపు 5,000 మందిపై వచ్చిన ప్రిజర్వ్ ట్రయల్‌లో దానివల్ల లాభం కనబడలేదు. పైగా రక్తం పలచబడే మందులు వాడేవారికి కుర్కుమిన్ గోలీలతో రక్తస్రావం ముప్పు పెరగొచ్చు.

నిజంగా పనికొచ్చేది ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకె) 30 కంటే తక్కువుంటే సెలైన్ ఎక్కించాలా అని డాక్టర్‌ని తప్పక అడగండి. గుండె బలహీనంగా ఉంటే మాత్రం సొంతంగా నీళ్లు ఎక్కువ తాగించకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఆపాలి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే స్కాన్ తర్వాత 48 గంటలు ఆపాలేమో కనుక్కోండి. రెండు మూడు రోజులకు క్రియాటినిన్ మళ్లీ చేయించండి. టెన్షన్ పడకండి, చాలామందిలో పెరిగినా తిరిగి తగ్గుతుంది.