ఎం8 ట్యాప్ మూడో హోల్‌కే విరుగుతుంటే

అన్నా, మైల్డ్ స్టీల్‌లో ఎం8 (8 మి.మీ. థ్రెడ్) బ్లైండ్ హోల్స్, అంటే అడుగు మూసి ఉండే రంధ్రాలు, వేస్తుంటే మూడోదానికే ట్యాప్ (రంధ్రం లోపల థ్రెడ్ కోసే పనిముట్టు) విరుగుతోందన్నారు కదా. మీ సీఎన్‌సీ ప్రోగ్రామ్‌లో ట్యాపింగ్ చేయించే జీ84 లైన్ చూశాను. స్పీడ్ నిమిషానికి 400 చుట్ల నుంచి 350కి తగ్గించారు, ఫీడ్ (ట్యాప్ లోపలికి దిగే వేగం) మాత్రం నిమిషానికి 500 మి.మీ. అలాగే వదిలేశారు. పిచ్ (ఒక చుట్టుకి ట్యాప్ దిగే దూరం) 1.25 మి.మీ. కాబట్టి ఫీడ్ 350 × 1.25 = 437.5 ఉండాలి. ట్యాప్‌ని పట్టుకునే ఫ్లోటింగ్ హోల్డర్ కొంచెం పైకీ కిందికీ కదలగలదు, అది కాస్త సర్దుకుంది కాబట్టే రెండు హోల్స్ దాటాయి.

అనంతపురంలో మా షాపులోనూ ఇలాగే ట్యాపులు పోయాయి. విరిగిన ముక్క తీసి చూస్తే గాడుల్లో చిప్స్ గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. స్పైరల్ ఫ్లూట్ ట్యాప్ (గాడులు మెలి తిరిగి ఉండేది) పెట్టాక చిప్స్ చుట్టలు చుట్టుకుంటూ పైకొచ్చేశాయి. బ్లైండ్ హోల్‌కి అదే వాడండి, దయచేసి. డ్రిల్ 6.8 మి.మీ. థ్రెడ్ కన్నా హోల్ 5 మి.మీ. లోతుగా ఉంచండి. కొత్త ట్యాప్ పెట్టే ముందు జాబ్‌కి (పని చేసే ముక్కకి) తగలకుండా దాని పైన గాలిలో ఒకసారి నడిపి చూడండి.